ఎనభై మార్కుల హెచ్చరిక

కొంగలగెడ్డ వాగు మీది జలాశయం ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు బలివాడ దాలినాయుడు ఇరవై రెండేళ్లుగా ఒకే ఒక్క రచన చేస్తున్నాడు. "గేట్లు ఎత్తుతున్నాం. గెడ్డలో ఎవరూ ఉండొద్దు. ఉన్నవాళ్లు వెంటనే గట్టెక్కండి." అంతే, అదే ఆయన సమస్త సాహిత్యం. మొదట్లో దాన్ని కాగితం మీద రాసి పంచాయతీలకు పంపేవాడు. ఫోన్లు వచ్చాక దిగువనున్న పదకొండు ఊళ్లకూ ఒక్క మీట నొక్కి పంపిస్తున్నాడు. పాఠకులు చివరి వాక్యం దాకా చదివేవారు కూడా కాదు. మొదటి వాక్యానికే గేదెల పలుపులు పట్టుకుని గట్టెక్కేసేవారు. రాసేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఇన్నేళ్లలో గెడ్డలో ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆ రచనకు గొంతు మాత్రం లస్కరు కింతలి ఎర్రయ్యది. గేట్లు ఎత్తేదీ దించేదీ అతనే. చక్రం తిప్పే ముందు ఆనకట్ట మీద నిలబడి ఒక కేక వేస్తాడు. ఆ కేకలో గెడ్డలో ఉన్నవాళ్ల మూడు తరాల ప్రస్తావనా వస్తుంది. ఫోను లేనివాళ్లూ, చదువు రానివాళ్లూ దాన్ని విని లేచేవారు.

ఇలా సుఖంగా సాగుతుంటే ఓర్వలేని రాజధానిలోని పెద్దాఫీసు వాళ్లు ప్రతి సందేశం కిందా అయిదు నక్షత్రాలు అంటించారు. "ఈ సందేశం మీకెలా అనిపించింది?" అని అడగడం మొదలుపెట్టారు. పదకొండు ఊళ్లవాళ్లూ ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు, ఎందుకంటే వాళ్లు అప్పటికి గట్టెక్కే పనిలో ఉన్నారు. జవాబిచ్చినవాడు ఒకే ఒక్కడు. ఆయన అతిథి గృహంలో రెండు రోజులు విశ్రాంతికి వచ్చిన పెద్దమనిషి. పొద్దున్నే ఇడ్లీ తుంచుకుంటుండగా ఫోను మోగింది, చూశాడు, మనసు గాయపడింది. ఒక్క నక్షత్రం ఇచ్చి, "పౌరులతో ఇంత మొరటుగా మాట్లాడతారా? పైగా వాక్యం చివర చుక్క పెట్టి మరీ!" అని రాశాడు. ఆయన పెద్దాఫీసులో ఎవరికి బావమరిదో ఇక్కడ అనవసరం. వారం తిరిగేసరికి సర్క్యులర్ వచ్చేసింది.

సర్క్యులర్ చదవడానికి సమావేశం పెట్టారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) పొట్నూరు సదానందరావు గారు అధ్యక్షత వహించారు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా "సరఫరా చేయవలసినదిగా కోరడమైనది" అంటారని ఆయన గురించి ఆఫీసులో చెప్పుకుంటారు.

"మన శాఖ సందేశములయందు కాఠిన్యం ద్యోతకమగుచున్నదని పై స్థాయిలో తీవ్రంగా పరిగణించడమైనది," అన్నారాయన. "కావున సందేశ సౌమ్యీకరణ విభాగం తక్షణమే ఏర్పాటు చేయడమైనది. అందులో మీరు సభ్యులు, నాయుడుగారూ. ఎందుకనగా కాఠిన్యం మీదే."

విభాగానికి సలహాదారుగా హైదరాబాదు నుంచి తన్మయి అనే ఆవిడ వచ్చింది. మర్యాదస్తురాలు, ఎంత మాటన్నా నవ్వుతుంది. ఆవిడ ల్యాప్‌టాప్‌లో 'మృదువాణి' అనే యంత్రం ఉంది. దానికి ఏ సందేశం చూపించినా నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. ఎనభై దాటితే సందేశం వెళ్తుంది, దాటకపోతే ఆఫీసులోనే ఆగిపోతుంది. దాలినాయుడి రచనను దానికి చూపించారు. ఆరు మార్కులొచ్చాయి.

"'ఉండొద్దు' అనేది నెగెటివ్ సార్," అంది తన్మయి. "'వెంటనే' అంటే ఒత్తిడి. 'గట్టెక్కండి' అంటే ఆజ్ఞ. ఇక చుక్క... ఈ తరం వాళ్లకి చుక్క పెడితే కోపంగా ఉన్నారని అర్థం. సర్వేలో తేలింది. చుక్క బదులు పువ్వు బొమ్మ పెట్టుకోవచ్చు."

"మేడమ్, అక్కడ నీళ్లొచ్చేస్తాయండి. మనుషులు పోతారు," అన్నాడు దాలినాయుడు.

"'పోతారు' కూడా నెగెటివే సార్. అదే విషయం పాజిటివ్‌గా చెప్పలేమా? నీళ్లు రావడం మంచిదే కదా?"

"మంచిదేనండి. ఆ వేళకి మనిషి అందులో ఉండటమే..."

"నాయుడుగారూ," అన్నారు సదానందరావు గారు, "తమరి ఆలోచనా విధానమందు వరద ఎక్కువగా యున్నది. తగ్గించుకొనవలెను."

మధ్యాహ్నానికల్లా తన్మయి కొత్త సందేశం తయారుచేసింది. "శుభోదయం నీటి నేస్తాలూ, మీ అభిమాన కొంగలగెడ్డ ఈ రోజు ఉరకలేసే ఉత్సాహంతో మీ ముందుకు వస్తోంది, గట్టు మీది చల్లగాలిని కూడా మీరు ఆస్వాదించగలరని ఆశిస్తున్నాం, మీ చిరునవ్వే మా బలం". చివర ఒక నవ్వు మొహం, రెండు పువ్వులు, మూడు నీటి బొట్లు. తొంభై ఒక్క మార్కులు. సదానందరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రభుత్వ కాగితంలో ఇంత ప్రేమ ఆయన జన్మలో చూడలేదు.

ఆషాఢంలో రెండు గేట్లు ఎత్తాల్సి వచ్చింది. దాలినాయుడు కళ్లు మూసుకుని మీట నొక్కాడు. నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. "మీకూ శుభోదయం." "మీకూ మీ కుటుంబానికీ కూడా." ఒకాయన వేంకటేశ్వరస్వామి పటం పంపించాడు. అరగంటలో టౌను నుంచి మోటారుసైకిళ్ల మీద కుర్రకారు దిగారు, ఉత్సాహంగా వస్తున్న గెడ్డను ముందునుంచి ఫొటో తీయాలంటే గెడ్డ మధ్యలో నిలబడాలి కదా, అలాగే నిలబడ్డారు. ఎర్రయ్య ఆనకట్ట మీద అటూ ఇటూ పరిగెత్తుతూ గొంతు పోయేలా అరిచి ఒక్కొక్కణ్నీ గట్టెక్కించాక గాని చక్రం ముట్టుకోలేదు.

మర్నాడు యాగాటి పారమ్మ ఆఫీసుకొచ్చింది. గెడ్డ అవతల గేదెలు మేపుకుని బతికే మనిషి. తడిసిన కోక కుచ్చెళ్లు ఎగదోపుకుని తిన్నగా ఈఈ గారి గదిలోకే నడిచింది.

"ఏటి బాబూ మీ యవ్వారం? నా గేదె కొట్టుకుపోయి రెండూళ్ల అవతల తేలింది. సావనేదు, దాని అదురుష్టం. పక్కింటోడి చేత పోనుల ఏటొచ్చిందో సదివించినాను. 'నీకు పండగ సుభాకాంచ్చలు పంపినారే పారమ్మా' అన్నాడు. నాను నవ్వుకుంటా గెడ్డల దిగినాను. ఎర్రయ్య కేక ఆ కుర్రోల్లకే సరిపోనాది, కిందికి నా దాకా రానేదు."

సదానందరావు గారు మేజాబల్ల మీదికి వంగి, "సదరు అభిప్రాయమును నక్షత్రముల రూపంలో తెలియజేయవలెనమ్మా. అయిదింటికి ఎన్ని?" అన్నారు.

"సుక్కలా? పట్టపగలే కనబడ్డాయి బాబూ, గెడ్డ మద్దెల," అని పారమ్మ వెళ్లిపోయింది.

పారమ్మ అభిప్రాయం నమోదు కాలేదు, ఎందుకంటే ఆమె అంకె చెప్పలేదు. నెలాఖరు నివేదికలో సందేశానికి సగటున నాలుగు ముప్పావు నక్షత్రాలు వచ్చినట్టు, ప్రాణనష్టం లేనట్టు, ఒక పశువుకు స్థానచలనం కలిగినట్టు రాశారు. పెద్దాఫీసు మురిసిపోయింది.

మురిసిన ఆఫీసు ఊరుకోదు. తర్వాత సైరన్ మీద పడ్డారు. మృదువాణి ముందు మోగిస్తే రెండు మార్కులొచ్చాయి. సైరన్ తీసేసి వీణ పెట్టారు. ఎర్రజెండా చూస్తే పౌరులకు ఆందోళన కలుగుతుందని లేత గులాబీ రంగు గుడ్డ కట్టారు. ప్రమాద సూచిక బోర్డు మీది పుర్రె బొమ్మకు నవ్వు మొహం అతికించారు. పుర్రె ముందే నవ్వుతున్నట్టు ఉంటుంది కాబట్టి పెద్ద తేడా రాలేదు. అన్నీ అయ్యాక మిగిలింది ఎర్రయ్య గొంతు.

అతనికి మూడు రోజుల శిక్షణ పెట్టారు. "కేకేసేటప్పుడు మీరు ఏమంటారు, ఎర్రయ్య గారూ?" అని అడిగింది తన్మయి.

ఎర్రయ్య తలగుడ్డ తీసి చేత్తో నలుపుకున్నాడు. "ఆడకూతురు ముందర అనగూడదమ్మా."

"పర్వాలేదు, రికార్డు కోసం."

ఎర్రయ్య దాలినాయుడి వంక చూశాడు. దాలినాయుడు పైకప్పు వంక చూశాడు. ఎర్రయ్య రెండు చేతులూ జోడించి, ముందుగా క్షమాపణ చెప్పుకుని, అప్పుడు కేక వేశాడు. బయట చెట్టు మీది కాకులు లేచిపోయాయి. మృదువాణి చాలాసేపు ఆలోచించి, తనను ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగించమంది. తన్మయికి మాత్రం ఏమీ కాలేదు. ఆవిడ నవ్వుతూనే ఒక గట్టి కార్డు రాయించి ఇచ్చింది. "మాన్య మహాశయులారా, మీ అమూల్య సమయంలో కొద్ది క్షణాలు..." అని మొదలవుతుందది. ఎర్రయ్యకు అక్షరం ముక్క రాదు. కార్డు మొలలో దోపుకుని దండం పెట్టి వెళ్లిపోయాడు.

దాలినాయుడికి అన్నం సయించడం మానేసింది. మబ్బు పడితే చాలు, స్కూటరేసుకుని ఆనకట్ట మీదికి పోయి గెడ్డలో ఎందరున్నారో లెక్కపెట్టుకునేవాడు. తను రాసే మాటల వల్ల ఎవరో ఒకరు పోతారన్న భయం ఆయనకు ఒక జబ్బులా పట్టుకుంది. చివరికి తెగించి పైకి ఒక నోట్ పెట్టాడు. "ఈ విధానం వలన ప్రాణాపాయం కలుగును." అయితే ఆఫీసు నోట్లు కూడా మృదువాణి మీదుగానే పోవాలి. పద్నాలుగు మార్కులొచ్చాయి. ఆయన మార్చాడు, మళ్లీ మార్చాడు. "ఈ విధానం పౌరులను వేరే లోకానికి తీసుకుపోగలదు" అని రాస్తే ఎనభై మూడు వచ్చి, నోట్ వెళ్లింది.

సదానందరావు గారు ఆయన్ను పిలిచి భుజం తట్టారు. "చాలా సంతోషం, నాయుడుగారూ. తమరు సైతం దారికి వచ్చుట ముదావహం. దీనిని అభినందన పత్రాలలో చేర్చడమైనది."

అభినందనలు అలా పోగై పోగై, రాష్ట్రంలోకెల్లా సౌమ్యమైన డివిజన్ కొంగలగెడ్డేనని తేల్చారు. షీల్డు ఇవ్వడానికి సాక్షాత్తూ చీఫ్ ఇంజనీరు గారు వస్తున్నారు. సభ ఎక్కడ? వెనక ఆనకట్ట కనబడేలా ఫొటో రావాలంటే గెడ్డ మధ్యలోని ఇసుక తిన్నెను మించిన చోటు లేదని సదానందరావు గారు కనిపెట్టారు. తిన్నె మీద షామియానా వేశారు, మూడు వందల కుర్చీలు వేశారు. జనం కోసం పొదుపు సంఘాల ఆడవాళ్లను రమ్మన్నారు. టిఫిను పొట్లం ఇస్తారంటే పారమ్మ కూడా వచ్చి రెండో వరసలో కూర్చుంది.

ఆ రోజు తెల్లవారుజాము నుంచి పైన కొండల మీద వాన. కొండ మీద కురిసే వానకు కింద జరిగే సభ సంగతి తెలియదు. పదిన్నరకి జలాశయంలో నీటిమట్టం గీత దాటింది. నలభై నిమిషాల్లో నాలుగు గేట్లు ఎత్తకపోతే కట్ట తెగుతుందని పై నుంచి కబురొచ్చింది. కట్ట తెగితే తిన్నె ఒక్కటే కాదు, పదకొండు ఊళ్లూ పోతాయి.

ఆఫీసులో దాలినాయుడు ఒక్కడే ఉన్నాడు. ఈఈ గారికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. చీఫ్ గారు మాట్లాడుతున్నప్పుడు కాల్ ఎత్తకూడదని సౌమ్యీకరణ విభాగం ఇచ్చిన మర్యాదల పట్టికలో ఉంది. ఇక మిగిలింది సందేశం. తన పాత మాటలే కొట్టాడు. మృదువాణి ఆరు మార్కులు వేసి ఆపేసింది.

"దయచేసి గట్టెక్కండి." పంతొమ్మిది.

"దయచేసి గట్టెక్కగలరా". ముప్పై ఏడు.

"వీలు చూసుకుని గట్టెక్కితే బాగుంటుందేమో". యాభై ఎనిమిది. పువ్వు పెట్టాడు, అరవై నాలుగైంది. గడియారం చూశాడు, ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. చెమటలు కారుతున్నాయి. "గట్టు చాలా అందంగా ఉంది". డెబ్బై ఏడు. మూడు మార్కుల కోసం ఆ మనిషి అక్కడ ఏడ్చినంత పని చేశాడు. ఆఖరికి "గట్టు చాలా అందంగా ఉంది, మిమ్మల్నే తలుచుకుంటోంది" అని రాసి, పక్కన ఎర్రటి గుండె బొమ్మ పెట్టాడు. ఎనభై ఎనిమిది! సందేశం వెళ్లిపోయింది.

తిన్నె మీద ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ప్రసంగం మధ్యలో ఉన్న చీఫ్ గారు తన ఫోన్ తీసి చూసి, ముఖం విప్పారి, మైకులో చదివి వినిపించారు. "చూశారా? సభకు రాలేక ఆఫీసులో విధి నిర్వహణలో ఉన్న ఒక సామాన్య ఉద్యోగి హృదయం ఎలా స్పందిస్తోందో! దీనిని కదా మనం సాధించదలచినది!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. వేదిక మీది వాళ్లందరూ అక్కడికక్కడే అయిదేసి నక్షత్రాలు ఇచ్చారు. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

దాలినాయుడి కంప్యూటరు తెర నిండా నక్షత్రాలు రాలాయి. ఆయన కుర్చీ తన్నేసి ఆనకట్ట మీదికి పరిగెత్తాడు. అక్కడ ఎర్రయ్య కార్డు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. పక్కన వీణ మోగుతోంది.

"బాబూ, బేగి ఇది సదివి పెట్టండి. ఎలాగ పిలవాల?" అన్నాడు ఎర్రయ్య.

దాలినాయుడు ఆ కార్డు లాక్కుని నీళ్లలోకి విసిరేశాడు. "పాత కేక వెయ్యరా, ఎర్రయ్యా!"

"కింద మేడమ్ గారున్నారు. పెద్దింజనీరు బాబున్నారు."

"ఉన్నారనే వెయ్యమంటున్నాను!"

ఎర్రయ్య తలగుడ్డ నడుముకి బిగించాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆ తర్వాత అతనన్నది అచ్చువేయడానికి వీలుకాదు. చీఫ్ గారి తాతగారితో మొదలై వేదిక మీది ప్రతి ఒక్కరి పుట్టుక గురించీ విడివిడిగా విచారించి, "...లగెత్తండ్రా సచ్చినోల్లారా, నీలొచ్చేస్తన్నాయి!" దగ్గర ముగిసింది.

ముందు లేచింది పారమ్మ. ఆ గొంతు ఆమెకు తెలుసు. "ఓలమ్మో, ఎర్రయ్య కేకే! లెగండే!" అని పక్కదాని రెక్క పట్టుకు లాగింది. ఆడవాళ్లంతా పొట్లాలు పారేసి పరుగు తీశారు. ఎర్రయ్య ఆపలేదు, తిట్టినవాళ్లను మళ్లీ తిట్టకుండా కొత్త వావివరసలు కలుపుతూ తిట్టాడు. చీఫ్ గారు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. తన్మయి ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. సదానందరావు గారు జీవితంలో మొదటిసారి వాడుకభాషలో "వామ్మో" అన్నారు. పదకొండు నిమిషాల్లో తిన్నె ఖాళీ అయింది. ఎర్రయ్య గేట్లెత్తాడు. షామియానా, కుర్చీలు, షీల్డు అన్నీ కలిసి సముద్రం వైపు వెళ్లిపోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు.

అయిదు రోజులు విచారణ జరిగింది. హెచ్చరిక సందేశానికి ఎనభై ఎనిమిది మార్కులూ అయిదు నక్షత్రాలూ వచ్చినందున అందులో లోపమేమీ లేదని తేల్చారు. ఆనందంగా కూర్చున్న పౌరులు ఒక్కసారిగా పరుగులు తీయడానికి కారణం లస్కరు వాడిన అసభ్య భాషేనని నిర్ధారించారు. ఎర్రయ్యను కొలువు నుంచి తప్పించాలని ఆదేశం వచ్చింది. ఉత్తర్వు రాసే పని దాలినాయుడిదే.

ఆయన రాశాడు. "నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాం." మూడు మార్కులొచ్చి ఉత్తర్వు ఆగిపోయింది. ఆ యంత్రానికి మనసారా దండం పెట్టుకున్నాడు దాలినాయుడు. రోజూ అదే వాక్యం కొట్టేవాడు, రోజూ అది ఆపేసేది, ఎర్రయ్య రోజూ పనికొచ్చేవాడు. ఇలా పది రోజులు గడిచాక సదానందరావు గారికి అనుమానమొచ్చి ఉత్తర్వును తన్మయికి అప్పగించారు. పావుగంటలో తొంభై ఆరు తెచ్చిందావిడ.

సాయంత్రం ఎర్రయ్య లడ్డూల పొట్లంతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"తీసుకోండి బాబూ. నాకేదో ఇచ్చినారట. 'ప్రియమైన ఎర్రయ్య గారూ' అని రాసినారట, సదివించుకున్నాను. ముప్పయ్యేల్ల నవుకరీల కాయితం మీద నన్నెవులూ 'గారూ' అన్నేదు. 'ఇకమీద మీ ఉదయాలన్నీ మీవే' అన్నారట. ఏటిది, పెమోసనా?"

దాలినాయుడు లడ్డూ తినకుండా బల్ల మీద పెట్టేశాడు. తనకు అన్నం పెట్టే ఆఫీసు మీద ఆ మనిషికి ఆ క్షణంలో పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

"నిన్ను తీసేశార్రా, ఎర్రయ్యా," అన్నాడు.

ఎర్రయ్య పొట్లం నెమ్మదిగా మడిచాడు. "అదేదో మొదుటే అనొచ్చు గదా బాబూ," అన్నాడు. తలగుడ్డ సర్దుకుని, "మరయితే రేపట్నుంచీ గెడ్డల దిగినోల్లని ఎవులు కేకేస్తారు?"

ఉత్తర్వు రెండో పేజీలో ఆ సంగతి కూడా ఉంది. కొత్త లస్కరు గొంతుకు మృదుత్వ పరీక్ష పూర్తయి నియామకం జరిగేవరకు, గేట్ల, కేకల విధులను అదనపు బాధ్యతగా సీనియర్ అసిస్టెంటు బలివాడ దాలినాయుడు నిర్వర్తించవలసినదని.

మర్నాడు పొద్దున్న ఒక గేటు ఎత్తాల్సి ఉంది. పెళ్లాన్ని కూడా ఏనాడూ గట్టిగా పిలిచి ఎరగని దాలినాయుడు ఆనకట్ట మీద నిలబడ్డాడు. గెడ్డ మధ్యలో ఒకాయన రెండెడ్లను కడుగుతున్నాడు. పిలవకుండానే ఎర్రయ్య కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. కొలువు పోయినా గెడ్డ మీద బెంగ పోలేదు.

"అయ్యా! ఏమండోయ్!" అన్నాడు దాలినాయుడు.

"అయ్యా అంటే ఆడు బీడీ ఎలిగిస్తాడు," అన్నాడు ఎర్రయ్య. "కడుపులోంచి రావాల. ఆడు మీ సొంత తమ్ముడనుకోండి. సచ్చిపోతాడనుకోండి."

దాలినాయుడు మళ్లీ అరిచాడు. ఎద్దులాయన చెయ్యెత్తి నమస్కారం పెట్టి తన పని తాను చూసుకున్నాడు. మూడోసారికి గొంతు బొంగురుపోయింది. నాలుగోసారి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆరు నెలలుగా కొట్టిన పువ్వులూ, గుండెలూ, చల్లగాలులూ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నోటి వెంట ఒక మాట వచ్చింది. చిన్నప్పుడు బడి ఎగ్గొడితే వాళ్ల నాన్న అన్న మాట అది. దాని వెనకే మరో నాలుగు వచ్చాయి.

ఎద్దులాయన అదిరిపడి తలెత్తాడు. "ఎవుడ్రా అది? ఎవుల్నిరా అంటన్నావు?" అని మొదలుపెట్టి, దాలినాయుడి వంశాన్ని కింది నుంచి పైదాకా ఏకిపారేస్తూ, ఎడ్లను అదిలించుకుంటూ గట్టు వైపు నడిచాడు. దాలినాయుడు ఆ తిట్లన్నీ తల ఒగ్గి ఆసాంతం విన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోలేదు.

"గట్టెక్కాడ్రా?" అన్నాడు.

"ఎక్కినాడు బాబూ," అన్నాడు ఎర్రయ్య. "ఇంక గేటెత్తండి."